ఒక భాషలో వేసిన తాళం, మరో భాషలో తీయడం

1997 సెప్టెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఒక బహిరంగ పోటీ ప్రకటించింది. ఇరవై ఏళ్లుగా బ్యాంకులూ ప్రభుత్వ కార్యాలయాలూ నమ్ముకున్న డెస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి బలహీనపడింది, దాని స్థానంలోకి కొత్తది కావాలి. పోటీకి వచ్చేవాళ్లు గణిత వివరణ ఒక్కటే పంపితే చాలదని నిబంధనల్లో రాశారు. పద్ధతిని సీ భాషలో రాసి చూపాలి. వేగంగా నడిచే రూపాన్ని సీలో ఒకసారి, జావాలో ఒకసారి రాయాలి. వాటికి జవాబుల పట్టిక జతచేయాలి. ఫలానా కీతో ఫలానా 16 బైట్లను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఫలానా 16 బైట్లే రావాలి, ఏ యంత్రం మీదైనా, ఏ భాషలోనైనా.

జావా అప్పటికి పసిది. అయినా దాన్ని నిబంధనల్లో చేర్చారంటే, రాబోయే రోజుల్లో ఒకే రహస్యాన్ని వేర్వేరు భాషల ప్రోగ్రాములు పంచుకోవాల్సి వస్తుందని నిస్ట్ పెద్దలు ముందే ఊహించారేమో అనిపిస్తుంది. 15 పద్ధతులు తొలి వడపోత దాటి బరిలో నిలిచాయి. 2000 అక్టోబరు 2న బెల్జియం శాస్త్రవేత్తలు యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్‌ల రైన్‌డాల్ గెలిచింది. 2001 నవంబరులో అదే ఏఈఎస్ పేరుతో ఫిప్స్ 197 అనే ప్రభుత్వ ప్రమాణమైంది. ఆ పత్రం అనుబంధంలో ఒక ఉదాహరణ ఉంటుంది. సున్నా సున్నా, ఒకటి ఒకటి, రెండు రెండు అంటూ ఎఫ్ ఎఫ్ దాకా నడిచే 16 బైట్లను ఒక్కో మెట్టూ ఎలా మారుస్తూ పోవాలో అందులో పూర్తిగా చూపించారు. ఈ రోజుకీ కొత్త భాషలో ఏఈఎస్ రాసేవాళ్లు మొట్టమొదట సరిచూసుకునేది ఆ ఉదాహరణతోనే.

ఇంత పకడ్బందీగా పుట్టిన పద్ధతి. అయినా తర్వాతి పదిహేనేళ్లు పీహెచ్‌పీలో ఎన్‌క్రిప్ట్ చేసినది జావాలో తెరుచుకోక, డాట్‌నెట్‌లో చేసినది పైథాన్‌లో తెరుచుకోక ప్రోగ్రామర్లు రాత్రులు గడిపారు. ఏఈఎస్ గణితంలో తప్పు దొరికిన సందర్భం వాటిలో దాదాపు లేదు. ఏఈఎస్ మాట్లాడేది 16 బైట్ల ముక్క గురించి మాత్రమే. 17వ బైటు వస్తే ఏం చేయాలి, పాస్‌వర్డ్‌ను కీగా ఎలా మార్చాలి, అక్షరాలను బైట్లుగా ఎలా రాయాలి, వచ్చిన ఫలితాన్ని ఏ వరుసలో పేర్చి పంపాలి అన్నవన్నీ దాని పరిధికి బయట ఉండిపోయాయి. ప్రతి భాషలోనూ లైబ్రరీ రాసినవాళ్లు వాటికి తమకు తోచిన జవాబు చెప్పుకున్నారు. ఆ జవాబుల్లో చాలా భాగం ఎక్కడా రాసి పెట్టలేదు.

డెస్ కాలంలో ఈ ఇబ్బంది పెద్దగా కనిపించలేదు. 1977లో ఫిప్స్ 46గా వెలువడినప్పుడు దాన్ని సర్క్యూట్లలో, చిప్పుల్లో మలచాలన్నదే నిబంధన. సాఫ్ట్‌వేర్‌లో రాసుకోవచ్చని ప్రమాణం అధికారికంగా ఒప్పుకున్నది 1993లో. పెద్ద సందేశాన్ని 8 బైట్ల ముక్కలుగా కోసి ఎలా కలుపుకుంటూ పోవాలో 1980లో వచ్చిన ఫిప్స్ 81 చెప్పింది. ఈసీబీ, సీబీసీ, సీఎఫ్‌బీ, ఓఎఫ్‌బీ అనే నాలుగు పద్ధతులు అందులోవే. ఆ నాలుగు పేర్లూ తర్వాత వచ్చిన ప్రతి ప్రోగ్రామింగ్ భాషలోకీ నడిచివచ్చాయి. బ్యాంకు పెట్టెలో ఉన్న చిప్పు మరో బ్యాంకు పెట్టెలో ఉన్న చిప్పుతో మాట్లాడేది. రెండింటి తయారీదారులూ ముందే ఒక ఒప్పందానికి వచ్చేవారు. భాష అన్న ప్రశ్నే అక్కడ లేదు.

భాషల మధ్య గోడలు లేవడానికి అసలు కారణం గణితంలో కాదు, చట్టంలో ఉంది. 1990ల నడిమి దాకా అమెరికా చట్టం బలమైన ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను యుద్ధసామగ్రి జాబితాలో ఉంచింది. ఎగుమతి చేసే ప్రోగ్రాముల్లో కీ పొడవు సాధారణంగా 40 బిట్లు దాటడానికి వీల్లేదు. ఫిల్ జిమ్మర్‌మన్ రాసిన పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామును 1995లో ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసిందంటే, అచ్చు పుస్తకాన్ని దేశం దాటించడానికి చట్టం అడ్డురాదనే. ఆ చట్టం వల్ల అమెరికా బయట ఉన్నవాళ్లు అమెరికన్ కోడ్ తాకకుండా తమంతట తాము మొదటి నుంచీ రాసుకోవాల్సి వచ్చింది.

ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ 1995లో ఎస్ఎస్ఎల్‌ఈఏవై అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ రాశారు. 1998 చివర్లో దాని మీదే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ మొలకెత్తింది. జావా కథ వేరు. జావాను తయారుచేసిన సన్ సంస్థ ఎన్‌క్రిప్షన్ భాగాన్ని అసలు జావా నుంచి విడదీసి, జేసీఈ అనే అదనపు పొట్లంగా అమెరికా, కెనడాలకే ఇచ్చింది. ఉద్యోగం మారిన ప్రతిసారీ అదే ఎన్‌క్రిప్షన్ కోడ్‌ను మళ్లీ మొదటి నుంచి రాసుకోవడంతో విసిగిన ఇద్దరు మిత్రులు 2000 మేలో బౌన్సీ కాజిల్ లైబ్రరీని విడుదల చేశారు. దాని మూలాలూ ఆస్ట్రేలియావే. పీహెచ్‌పీ వాళ్లు ఎమ్‌క్రిప్ట్ అనే సీ లైబ్రరీని ఆశ్రయించారు. మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్ లోకంలో తన తరగతులు (క్లాసులు) రాసుకుంది. ఒకే పద్ధతికి నాలుగు ఇళ్లలో నాలుగు పెంపకాలు. వాటిని పెంచినవాళ్లలో చాలామంది ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదే లేదు.

2000 జనవరిలో అమెరికా ఎగుమతి నిబంధనలు చాలావరకు సడలాయి. జేసీఈ 2002లో జావా 1.4లో కలిసిపోయింది. అయితే పాత చట్టపు నీడ మాత్రం పదిహేనేళ్లు వదల్లేదు. మామూలుగా దించుకున్న జావాలో ఏఈఎస్ కీ 128 బిట్లు దాటకూడదు. డాట్‌నెట్ వైపు నుంచి 256 బిట్ల కీతో వచ్చిన సందేశాన్ని తెరవబోతే ‘ఇల్లీగల్ కీ సైజ్’ అన్న దోషం ఎదురయ్యేది. పరిష్కారంగా వేరే చోటినుంచి రెండు చిన్న ఫైళ్లు దించుకుని జావా ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. సర్వర్ మార్చిన ప్రతిసారీ ఆ ఫైళ్లను మరిచిపోవడం, అర్ధరాత్రి అదే దోషం మళ్లీ కనిపించడం ఒక తరం ప్రోగ్రామర్ల ఉమ్మడి అనుభవం. 2017లో జావా 9తో ఈ పరిమితి పోయింది. జావా 8 వాడేవాళ్లకు 2018 జనవరి నవీకరణతో పోయింది.

ఇక ప్యాడింగ్. సందేశం పొడవు 16తో నిశ్శేషంగా భాగించబడకపోతే చివరి ముక్కను ఏదో ఒకదానితో నింపాలి. ఆర్ఎస్ఏ లేబొరేటరీస్ 1990ల మొదట్లో వెలువరించిన పీకేసీఎస్ పత్రాల్లో దీనికో చక్కని ఉపాయం ఉంది. ఎన్ని బైట్లు తక్కువైతే ఆ అంకెనే అన్నిసార్లు రాయాలి. అయిదు తక్కువైతే అయిదు అయిదులు. డిక్రిప్ట్ చేసినవాళ్లు చివరి బైటు చూసి అన్నిటిని తీసేస్తారు. పీకేసీఎస్ 5వ పత్రం దీన్ని డెస్ కోసం 8 బైట్ల ముక్కకే చెప్పింది, 7వ పత్రం 255 బైట్ల దాకా విస్తరించింది. జావా వాళ్లు డెస్ కాలంలో పెట్టుకున్న పీకేసీఎస్5 అన్న పేరునే ఏఈఎస్‌కూ కొనసాగించారు. డాట్‌నెట్ వాళ్లు పీకేసీఎస్7 అన్నారు. ఏఈఎస్ విషయంలో రెండూ చేసే పని ఒకటే. పేర్లు చూసి వేర్వేరనుకుని, లేని తేడాను వెతుకుతూ పోయిన గంటలకు లెక్కలేదు.

ఎమ్‌క్రిప్ట్‌లో మాత్రం తేడా నిజంగానే ఉంది. అది చివరి ముక్కను ఖాళీ బైట్లతో, అంటే సున్నాలతో నింపేది. పీహెచ్‌పీ నుంచి వచ్చినది జావాలో తెరిస్తే ప్యాడింగ్ తప్పన్న దోషం. జావా నుంచి వెళ్లినది పీహెచ్‌పీలో తెరిస్తే చివర కంటికి కనిపించని చెత్త. దానికన్నా లోతైన గోతి మరొకటి. రైన్‌డాల్ అసలు రూపంలో ముక్క పొడవు 128, 192, 256 బిట్లలో ఏదైనా కావచ్చు. ఏఈఎస్‌గా ప్రమాణమైనప్పుడు ముక్కను 128కే బిగించి, కీ పొడవును మాత్రం మార్చుకోనిచ్చారు. ఎమ్‌క్రిప్ట్‌లో ఉన్న రైన్‌డాల్-256 అన్న పేరులోని 256 ముక్క పొడవు. ఏఈఎస్-256 అన్న పేరులోని 256 కీ పొడవు. మొదటిదాన్ని వాడి రెండోది వాడామనుకున్న వెబ్‌సైట్లు కోకొల్లలు. ఆ డేటాను జావాలోని ఏఈఎస్ ఎన్నటికీ తెరవలేదు, ఎందుకంటే అది ఏఈఎస్ కానే కాదు. డాట్‌నెట్ పాత రూపంలోని రైన్‌డాల్ తరగతికి 256 బిట్ల ముక్క తెలుసు. కొత్త డాట్‌నెట్ కోర్ దాన్నీ 128కే పరిమితం చేయడంతో పాత డేటా ఉన్నవాళ్లు బౌన్సీ కాజిల్ తలుపు తట్టారు. ఎమ్‌క్రిప్ట్ వెనకున్న సీ లైబ్రరీని 2007 తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. 2017లో పీహెచ్‌పీ 7.2 దాన్ని ప్రధాన పంపిణీ నుంచి తొలగించింది. అప్పటికి దానితో మూసిపెట్టిన పెట్టెలు ప్రపంచమంతా ఉన్నాయి.

కీ విషయంలో ఇంకా చిక్కు. మనిషి గుర్తుపెట్టుకునేది పాస్‌వర్డ్, ఏఈఎస్‌కు కావలసింది సరిగ్గా 16, 24 లేదా 32 బైట్లు. మధ్యలో వంతెన వేసే పని ఎవరిది? మైఎస్‌క్యూఎల్ డేటాబేసులోని ఏఈఎస్ ఎన్‌క్రిప్ట్ ఫంక్షన్ పాస్‌వర్డ్‌ను 16 బైట్ల పొడవుకు మడతపెడుతుంది. 17వ బైటును మొదటిదానితో, 18వ దాన్ని రెండోదానితో ఎక్సార్ చేస్తూ పోతుంది. ఈ సంగతి తెలియని జావా ప్రోగ్రామరుకు అదే పాస్‌వర్డ్ చేతిలో ఉన్నా ఆ పట్టికలోని డేటా దక్కదు. పీహెచ్‌పీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఫంక్షన్ కీ పొట్టిగా ఉంటే చప్పుడు చేయకుండా సున్నాలు అతికిస్తుంది, పొడవుగా ఉంటే చప్పుడు చేయకుండా కోసేస్తుంది. జావా మాత్రం ససేమిరా అని దోషం చూపి ఆగిపోతుంది. ఆగిపోయినదే మేలు చేసింది. చప్పుడు చేయని సర్దుబాటు ఈ చరిత్రలో చేసినంత హాని మరేదీ చేయలేదు.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కమాండు తనదైన పద్ధతి పాటించింది. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలు మొదట ‘సాల్టెడ్’ అన్న ఇంగ్లిషు మాటా రెండు అడుగుగీతలూ కలిపి 8 బైట్లు, తర్వాత ‘ఉప్పు’ (సాల్ట్) అని పిలిచే యాదృచ్ఛికమైన 8 బైట్లు, ఆపైన అసలు డేటా. పాస్‌వర్డ్‌నూ ఉప్పునూ కలిపి ఎండీ5 హ్యాష్‌లో తిప్పి కీ తీసేది. జావాస్క్రిప్ట్ కోసం వచ్చిన క్రిప్టోజేఎస్ లైబ్రరీ దీన్నే అనుకరించింది. అందుకే దానికి పాస్‌వర్డ్ ఇచ్చి ఎన్‌క్రిప్ట్ చేసి బేస్64 అనే అచ్చయ్యే అక్షరాల రూపంలోకి మారిస్తే ఫలితం ఎప్పుడూ ఒకే పది అక్షరాలతో మొదలవుతుంది. ఆ పది అక్షరాలను చూడగానే గుర్తుపట్టే నేర్పు వెబ్ ప్రోగ్రామర్లకు అలవడింది. ఎండీ5తో ఒక్కసారే తిప్పడం బలహీనమని తెలిసి, 2016లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.0 ఆ స్థానంలో షా-256 పెట్టింది. భద్రతకు అది మంచిదే. అయితే ఫైలు మీద ఏ హ్యాష్ వాడారో రాసి ఉండదు. కొత్త కంప్యూటరులో పాత ఫైలు తెరుచుకోలేదు, పాస్‌వర్డ్ సరైనదే అయినా.

ఆండ్రాయిడ్‌లో జరిగినది మరింత బాధాకరం. యాదృచ్ఛిక సంఖ్యల యంత్రానికి పాస్‌వర్డ్‌ను విత్తుగా ఇచ్చి, వచ్చిన సంఖ్యలనే కీగా వాడే ఒక చిట్కా యాప్‌ల నుంచి యాప్‌లకు పాకింది. విత్తు ఒకటే అయితే సంఖ్యలూ ఒకటే వస్తాయన్నది ఆ చిట్కా ఆధారం. 2012 చివర్లో ఆండ్రాయిడ్ 4.2 ఆ యంత్రాన్ని లోపల మార్చింది. ఫోను నవీకరించుకున్నవాళ్ల యాప్‌లలో పాత డేటా మూతపడిపోయింది. 2016లో ఆండ్రాయిడ్ 7 ఆ పాత యంత్రాన్ని వాడుక నుంచి తప్పించే పని మొదలుపెట్టింది.

దీనికి సరైన మార్గం అప్పటికే కాగితం మీద ఉంది. 2000లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2898 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం పీబీకేడీఎఫ్2 అనే పద్ధతిని వివరించింది. పాస్‌వర్డ్, ఉప్పు, ఎన్నిసార్లు తిప్పాలి, ఏ హ్యాష్, ఎంత పొడవు అన్న అయిదు సంగతులు ఇరువైపులా ఒకటైతే కీ ఒకటే వస్తుంది. డాట్‌నెట్ 2.0 తన తరగతికి ఆ పత్రం సంఖ్యనే పేరుగా పెట్టుకుంది. అంతకుముందున్న డాట్‌నెట్ తరగతి పాత పీబీకేడీఎఫ్1ను దాని 20 బైట్ల హద్దు దాటించి, మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిలో సాగదీసేది. దాన్ని ఇతర భాషల్లో తిరిగి కట్టడం తలనొప్పి. విచిత్రమేమంటే ఆర్ఎఫ్‌సీ 2898లో ఒక్క నమూనా జవాబు కూడా లేదు. ఏఈఎస్‌కు నిస్ట్ పెట్టిన జవాబుల పట్టిక లాంటిది ఈ పద్ధతికే ప్రత్యేకంగా రావడానికి 2011లో ఆర్ఎఫ్‌సీ 6070 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటిదాకా లైబ్రరీలు రాసినవాళ్లలో చాలామందికి పక్కవాడి ఫలితంతో పోల్చుకోవడమే పరీక్ష.

తెలుగు అక్షరాలు ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. ఎన్‌క్రిప్షన్‌కు అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. ఇంగ్లిషు రాసినంతకాలం ఈ తేడా మరుగున ఉంటుంది, ఎందుకంటే చాలా పాత పద్ధతుల్లో ఇంగ్లిషు అక్షరానికి ఒకే బైటు, ఒకే విలువ. ‘తెలుగు’ అన్న మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. ఏఈఎస్ ముక్క 16 బైట్లు గనక ఆ మాట రెండో ముక్కలోకి పొర్లుతుంది. ప్యాడింగ్‌తో 32 బైట్లవుతుంది. అదే మాటను డాట్‌నెట్‌లో ‘యూనికోడ్’ అని పేరున్న ఎన్‌కోడింగ్‌తో, అంటే యూటీఎఫ్-16తో రాస్తే 12 బైట్లే, ఒక్క ముక్కలో ఒదుగుతుంది. జావాలో యూటీఎఫ్-16 అడిగితే ముందు రెండు బైట్ల గుర్తు చేరి 14 అవుతాయి, బైట్ల వరుస కూడా తిరగబడుతుంది. కీ ఒకటే, పద్ధతి ఒకటే, ప్యాడింగ్ ఒకటే. ఫలితాలు మాత్రం మూడు.

అంతకన్నా పెద్ద నష్టం మరోటి ఉంది. జావాలో ఎన్‌కోడింగ్ పేరు చెప్పకుండా మాటను బైట్లుగా మార్చమంటే, ఆ కంప్యూటరుకు ఏది అలవాటో దాన్నే వాడేది. పశ్చిమ ఐరోపా అమరిక ఉన్న విండోస్‌లో తెలుగు అక్షరాలకు చోటే లేదు. ‘తెలుగు’ అన్న మాట ఆరు ప్రశ్నార్థకాలుగా మారి, ఆ ప్రశ్నార్థకాలే భద్రంగా ఎన్‌క్రిప్ట్ అయ్యేవి. అవతల డిక్రిప్షన్ ఏ లోపమూ లేకుండా జరిగేది. పేరు మాత్రం ఎప్పటికీ తిరిగి రాదు. లైనక్సు సర్వరు మీద బాగా నడిచిన కోడే విండోస్ మీద ఇలా చేసేది. 2022 మార్చిలో జావా 18 యూటీఎఫ్-8ను అన్నిచోట్లా అలవాటుగా చేసేవరకూ ఈ ప్రమాదం పొంచి ఉంది. ప్రపంచంలో ఎక్కువ భాషలు ఇంగ్లిషు అక్షరాలు దాటే రాస్తాయన్న సంగతి ఈ రంగంలో అంత ఆలస్యంగా పట్టింపుకు వచ్చింది.

జావాలో బైటు విలువ మైనస్ 128 నుంచి 127 దాకా. డాట్‌నెట్‌లో సున్నా నుంచి 255 దాకా. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమూ 224 అనే బైటుతో మొదలవుతుంది. జావాలో అచ్చువేస్తే అదే మైనస్ 32. బిట్లు ఒకటే అయినా అంకెలు వేరుగా కనిపించి కంగారుపెడతాయి. ఇది కళ్లను మోసం చేసే తేడా మాత్రమే, పని చెడదు. సీ భాషలో అదే తేడా నిజంగా పని చెడగొట్టింది. బీక్రిప్ట్ అనే పాస్‌వర్డ్ హ్యాష్‌ను నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్స్ 1999లో ప్రకటించారు. దాని ప్రసిద్ధ అమలుల్లో ఒకటైన క్రిప్ట్ బ్లోఫిష్‌లో, 127 దాటిన బైటును రుణసంఖ్యగా పొరబడే దోషం ఏళ్లతరబడి దాగి, 2011 జూన్‌లో బయటపడింది. అలాంటి బైటు వచ్చినప్పుడు కొన్ని సందర్భాల్లో దానికి ముందున్న ఒకటి నుంచి మూడు బైట్లు లెక్కలోకే వచ్చేవి కావు. ఇంగ్లిషు పాస్‌వర్డ్‌లకు ఏమీ కాలేదు గనకే అంతకాలం ఎవరికీ తెలియలేదు. దిద్దుబాటు చేసి, పాత తప్పుడు హ్యాష్‌లకు 2ఎక్స్, కొత్తవాటికి 2వై అన్న గుర్తులు పెట్టారు. పీహెచ్‌పీ 5.3.7తో ఆ గుర్తులు లోకంలోకి వచ్చాయి. ఇప్పటికీ పీహెచ్‌పీ హ్యాష్‌ను వేరే భాషలో సరిచూడబోతే 2వై అంటే ఏమిటో తెలియని లైబ్రరీలు ఎదురవుతుంటాయి.

బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత చూడదు. ‘శ్రీశైలం’ అన్న మాటకు యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. మూడుసార్లు రాస్తే హద్దు నిండిపోతుంది. అందులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ ఐత్వపు కిందిగుర్తూ కలిపి రెండుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్ దృష్టిలో రెండూ సమానమే. బైట్లు మాత్రం 24 ఒకచోట, 27 మరోచోట. హ్యాష్ కలవదు. పాస్‌వర్డ్‌లను ముందుగా ఒకే రూపంలోకి, ఎన్ఎఫ్‌సీలోకి మార్చాలని 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8265 చెబుతుంది. దాన్ని పాటించే వెబ్‌సైట్లు మరిన్ని కావాలి.

బేస్64 గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బైట్లను అచ్చయ్యే అక్షరాలుగా మార్చే ఈ పద్ధతి 1987 నాటి ఈమెయిల్ భద్రతా పత్రంలో మొదలైంది. ఒక ప్రమాణం 64 అక్షరాలకు లైను తెంచమంది, మరొకటి 76కు. జావా పాత ఎన్‌కోడరు తెంచేది, ఇతరుల్లో చాలామంది తెంచేవారు కారు. వెబ్ చిరునామాలో ప్లస్ గుర్తు ఖాళీగా మారిపోయేది. వెబ్ చిరునామాల కోసం వేరే అక్షరాలతో రూపాన్ని 2006లో ఆర్ఎఫ్‌సీ 4648 స్థిరపరిచింది.

ఇన్ని తేడాల మధ్య ప్రోగ్రామర్లు ఎక్కువగా కలుసుకున్న చోటు ఈసీబీ. ప్రతి ముక్కనూ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మిగతా పద్ధతులు అడిగే ఆరంభ విలువ దీనికి అవసరం లేదు, పంచుకోవాల్సినవి తక్కువ. జావాలో ‘ఏఈఎస్’ అని మాత్రం రాస్తే వచ్చేది ఇదే. కానీ ఒకే ముక్క మళ్లీ వస్తే ఫలితమూ మళ్లీ అదే వస్తుంది. 2013లో అడోబీ నుంచి దొంగిలించిన దాదాపు 15 కోట్ల ఖాతాల పాస్‌వర్డ్‌లు ట్రిపుల్ డెస్ ఈసీబీలో ఉన్నాయి. కీ తెలియకపోయినా ఎవరెవరి పాస్‌వర్డ్ ఒకటేనో బయటపడింది. ముక్కలను ఒకదానితో ఒకటి ముడివేసే సీబీసీకి మారినా గండం తీరలేదు. ప్యాడింగ్ తప్పా ఒప్పా అని సర్వరు చెప్పే చిన్న సమాధానంతోనే సందేశమంతా విప్పవచ్చని 2002లో సెర్జ్ వోడెనే చూపాడు. 2010లో హులియానో రిజ్జో, థాయ్ దువాంగ్ అదే దాడిని ఏఎస్‌పీ డాట్‌నెట్ మీద చేసి చూపారు.

మన దేశంలో భాషల మధ్య ఈ కలయిక ప్రభుత్వ పనిలో భాగమైంది. 2017 జులైలో జీఎస్టీ మొదలయ్యాక పన్ను సర్వర్లతో మాట్లాడే సాఫ్ట్‌వేర్ రాయాల్సివచ్చింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన సంస్థలకు తప్పనిసరైన ఈ-ఇన్వాయిస్ 2023 ఆగస్టుకల్లా 5 కోట్ల వాళ్ల దాకా దిగింది. విజయవాడ టోకు వ్యాపారి బిల్లయినా, వరంగల్ మిల్లు బిల్లయినా ఈ పరిమితి దాటితే అదే దారిలో పోవాలి. 32 బైట్ల కీ తయారుచేసి, దాన్ని సర్వరు ఆర్ఎస్ఏ కీతో మూసి పంపాలి. సర్వరు ఇచ్చే సెషన్ కీని విప్పి, దానితో మిగతాది ఏఈఎస్-256లో నడపాలి. ఎంచుకున్నది ఈసీబీ, పీకేసీఎస్ ప్యాడింగ్. జావాలోనూ సీ షార్ప్‌లోనూ నమూనా కోడ్ ఇచ్చారు. వేలమంది వేర్వేరు భాషల్లో రాయాల్సిన చోట సులువైనదాన్ని ఎంచుకోవడం అర్థమవుతుంది, ఆ దారికి బయట టీఎల్ఎస్ కవచం కూడా ఉంది. అయినా కోట్లాది లావాదేవీల వ్యవస్థకు ఈసీబీ కన్నా మెరుగైనది దక్కాల్సింది.

అది సాధ్యమేనని ఆధార్ ధ్రువీకరణ పత్రాలు చూపించాయి. కొత్త వెర్షన్లలో జీసీఎమ్ అనే పద్ధతి వాడమన్నారు. సందేశం మీది సమయపు ముద్రలో చివరి 12 బైట్లు ఆరంభ విలువ, చివరి 16 బైట్లు ధ్రువీకరించాల్సిన అదనపు డేటా అని స్పష్టంగా రాశారు. ఊహించాల్సిన పని మిగల్లేదు.

జీసీఎమ్ 2007లో నిస్ట్ ఆమోదం పొందింది. ఇది సందేశాన్ని మూయడమే కాక, ఎవరూ మార్చలేదని నిరూపించే 16 బైట్ల ట్యాగ్‌నూ ఇస్తుంది. ప్యాడింగ్ గొడవ పోయింది. దాని స్థానంలో కొత్తది వచ్చింది, ట్యాగ్ ఎక్కడ? జావా, గో భాషలు, పైథాన్ క్రిప్టోగ్రఫీ లైబ్రరీ, బ్రౌజర్లు దాన్ని సందేశం చివరే అతికించి ఇస్తాయి. డాట్‌నెట్, నోడ్, పీహెచ్‌పీ విడిగా చేతికిస్తాయి. చివర అతికించాలని 2008లోనే డేవిడ్ మెక్‌గ్రూ రాసిన ఆర్ఎఫ్‌సీ 5116 చెప్పింది. దాన్ని చదవని ప్రోగ్రామరు నోడ్ నుంచి ట్యాగ్ లేకుండా పంపి, జావాలో దోషం చూసి తలపట్టుకుంటాడు. ఈ దోషం అర్ధరాత్రి వచ్చినా సరే, పాత దోషాలకన్నా నయం. పొరపాటును దాచకుండా వెంటనే బయటపెడుతుంది.

ఎంపికలనే తగ్గించాలన్న ఆలోచన ఈలోగా బలపడింది. 2008లో గూగుల్ భద్రతా బృందం జావా, పైథాన్ భాషలకు కీజార్ లైబ్రరీని బయటికి విడిచింది. డేనియల్ బెర్న్‌స్టైన్, టాన్యా లాంగె, పీటర్ ష్వాబె రాసిన నాక్ల్ లైబ్రరీలో ప్రోగ్రామరు పద్ధతి పేరు ఎంచుకోవాల్సిన అవసరమే ఉండదు, ‘పెట్టెలో పెట్టు, పెట్టె తెరువు’ అంతే. దాని మీద 2013లో ఫ్రాంక్ డెనిస్ లిబ్‌సోడియం కట్టాడు. ఎమ్‌క్రిప్ట్‌ను వదులుకున్న పీహెచ్‌పీ 7.2లోనే లిబ్‌సోడియం భాషలో భాగమైంది. ఫెర్నెట్ అనే చిన్న పద్ధతి మరో మేలైన పని చేసింది. మొదటి బైటు వెర్షన్, తర్వాత సమయం, ఆరంభ విలువ, సందేశం, హెచ్‌మ్యాక్ అని ప్రతి బైటు చోటూ రాసి, సరైన జవాబులతో పాటు తిరస్కరించాల్సిన తప్పుడు సందేశాల పట్టికనూ జతచేసింది.

తప్పుల పట్టిక అన్న ఆ ఆలోచనే 2016 డిసెంబరులో గూగుల్ ప్రాజెక్ట్ వైచ్‌ప్రూఫ్‌తో పెద్దదైంది. ఏ భాషలోని లైబ్రరీ అయినా ఆ పరీక్షలను తన మీద నడుపుకోవచ్చు. సరైన ట్యాగ్, ఒక బిట్ మారిన ట్యాగ్, సున్నా పొడవు ఆరంభ విలువ, వింత ప్యాడింగ్, ఇలా వేలకొద్దీ సందర్భాలు. ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసినవి ఇలాంటి పట్టికలే అనడం అతిశయోక్తి కాదు. జవాబుల పట్టిక జతచేయాలని 1997లో నిస్ట్ రాసిన ఆ నిబంధన వారసత్వం ఇందులో ఉంది.

పాత తేడాలు సర్దుకుంటుండగానే కొత్తది మొదలైంది. 2024 ఆగస్టులో నిస్ట్ క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే ఎంఎల్-కెమ్‌ను ఫిప్స్ 203గా ప్రకటించింది. దాని రహస్య కీని రెండు విధాలుగా దాచవచ్చు. 64 బైట్ల విత్తనం ఒక్కటే దాచి అవసరమైనప్పుడు విస్తరించుకోవచ్చు, లేదా విస్తరించిన కీనే దాచవచ్చు. మధ్యస్థ పరిమాణంలో అది 2,400 బైట్లు. లైబ్రరీలు రెండు శిబిరాలయ్యాయి. విస్తరించిన కీ నుంచి విత్తనానికి వెనక్కి పోయే దారి లేదు గనక మొదటి రోజు ఎంపికే ఖాయమవుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌లో దీనిమీద సుదీర్ఘంగా వాదులాడుకున్నారు. చివరికి విత్తనం, విస్తరించిన కీ, రెండూ కలిపి అన్న మూడు రూపాలనూ ఒకే ఫైలు నిర్మాణంలో ఒప్పుకుని, ఏది ఉందో ఫైలులోనే గుర్తు పెట్టమన్నారు.